భరతుడి పేరులోనే భరణం ఉంది

పోయిన వారం శకుంతల వీడియోలో ఒక మాట చెప్పాను, గుర్తుందా? వ్యాసుడి భారతంలో ఉంగరం లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. అవి కాళిదాసు నాటకంలోవి. భారతంలో దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండి కూడా నిండు సభలో భార్యనీ కొడుకునీ ఎరగనన్నాడు. అప్పుడు బిడ్డని భరించమని ఆకాశవాణి చెప్పింది. ఆ మాట నుంచే పిల్లాడికి భరతుడని పేరొచ్చింది. ఇవాళ కోర్టుల్లో వాడే ‘భరణం’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే.

అది చూసి ఒక తమ్ముడు మెయిల్ పెట్టాడు. విడాకులయ్యాయి, పాప తల్లి దగ్గర ఉంటుంది, ఇతను నెలనెలా డబ్బు పంపుతాడు. ఇప్పుడు ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొత్త భర్త జీతంలో ఇతని జీతం సగం కూడా ఉండదు. “అన్నా, నేనింకా కట్టడం ధర్మమేనా?” అని అడిగాడు. కోపంగా ఏం రాయలేదు. ఈఎంఐ, నాన్నగారి మందులు, అన్నీ లెక్క వేసి మరీ రాశాడు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ పిల్లల పోషణని తండ్రి మీదా, తల్లి మీదా పెట్టింది. మారుతండ్రి మీద పెట్టలేదు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది ఆమె సొంత భరణమే, పాపది కాదు. (ఆయన పాపని చట్టప్రకారం దత్తత తీసుకుంటే ఆ లెక్క వేరు.) రేపు ఈ తమ్ముడు పెళ్ళి చేసుకున్నా అంతే. ఆ అమ్మాయి జీతంలోంచి పాపకి కట్టమని చట్టం అనదు. కాకపోతే ఇంటి అద్దె ఆమె పంచుకుంటుంటే, ఇతని చేతిలో ఎంత మిగులుతోందని కోర్టు చూడొచ్చు. పాప తల్లికి సొంతంగా మంచి సంపాదన ఉంటే చదువు ఖర్చు ఇద్దరూ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చని 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగా కట్టలేని పరిస్థితి వస్తే మొత్తం మార్చమని కోర్టుని అడగొచ్చు. అంతేగానీ, మనంతట మనమే ట్రాన్స్‌ఫర్ ఆపేయకూడదు.

ఇక ధర్మం. శకుంతల సభకి వచ్చేనాటికి ఆ పిల్లాడు పస్తులేం లేడు. కణ్వుడి ఆశ్రమంలో సింహాల్ని పట్టి కట్టేసేంత బలంగా పెరిగాడు. వాడి కడుపు నింపడమే సమస్య అయితే ఆకాశవాణి మాట్లాడాల్సిన పనే లేదు! తండ్రి భరించాల్సింది పిల్లాడికి తిండి లేదని కాదు, తను తండ్రి కాబట్టి.

ఆదిపర్వంలోనే కణ్వుడి మాట ఇంకొకటి ఉంది. జన్మనిచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు, ముగ్గురూ తండ్రులేనట. “చూశారా, అన్నం పెట్టేవాడు వచ్చాడుగా” అనొచ్చు ఎవరైనా. కానీ మూడోవాడు రాగానే మొదటివాడు తప్పుకోవచ్చని అక్కడ లేదు. కణ్వుడి దయ కణ్వుడిది, అది దుష్యంతుడి ఖాతాలో జమ కాదు.

ఆయన జీతం పెద్దదని నీ బాధ్యత తగ్గితే, రేపు లేఆఫ్‌లో ఆయన ఉద్యోగం పోతే నీది రెట్టింపు అవుతుందా? దీనికి ఎవరూ అవునన్న మాట నేను వినలేదు.

అలాగని తమ్ముడి బాధని కొట్టిపారేయను. అదే 20వ సెక్షన్ వృద్ధులైన అమ్మానాన్నల పోషణ కూడా అతని మీదే పెట్టింది. ఉన్నదానికి మించి ఇమ్మని చట్టమూ అనదు, ధర్మమూ అనదు. “ఇంత కట్టలేను, తగ్గించండి” అనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. “నాకు సంబంధం లేదు” అన్నది మాత్రం దుష్యంతుడి మాట.

రెండో సంబంధం చూసుకుంటున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పెళ్ళిచూపుల రోజే పిల్లల సంగతి, నెలకెంత వెళ్తుందో, ఇంకెన్నేళ్ళు వెళ్తుందో చెప్పేయండి. అవతలివాళ్ళు కూడా మొహమాటపడకుండా అడగండి. ఆ డబ్బు మీ ఇద్దరి బడ్జెట్‌లో మిగిలింది కాదు, బడ్జెట్ వెయ్యకముందే పక్కన పెట్టాల్సింది.