కుండీ ఇరుకైంది మొక్కకా, మన కంటికా?



పోయిన వారం వీడియోలో నా వెనకాల ఒక కాక్టస్ కనిపించింది కదా, "పూజ గది పక్కన ముళ్ల మొక్కేంటండీ" అని కొందరు అడిగారు. అది పూజ గది కాదు, బాల్కనీ తలుపు. వాస్తు సంగతి తేల్చేంత చదువు నాకు లేదు. పిల్లలు పాకే చోట, చీర కొంగు తగిలే చోట ముళ్ల మొక్క పెట్టకూడదన్నది మాత్రం ఏ శాస్త్రం చెప్పకపోయినా నిజమే. ఆ మొక్క వెనక ఒక కథ ఉంది, అందులో నా తప్పు కూడా ఉంది. వీడియోలో చెప్పబుద్ధి కాలేదు, ఇక్కడ రాస్తున్నా.

ఇది నా రెండో కాక్టస్. మొదటిది నా చేతుల్లోనే పోయింది. నర్సరీలో పిడికిలంత ప్లాస్టిక్ కుండీలో ఉంటే కొన్నా. ఇంటికి తెచ్చాక చూస్తే పాపం ఇరుకుగా ఉందనిపించింది. జూలై నెల, బయట ముసురు. బకెట్ అంత కుండీ తెచ్చి, నల్లమట్టి నింపి, పశువుల ఎరువు దండిగా కలిపి, దాన్ని మధ్యలో నాటి, చెంబు నిండా నీళ్లు పోశా. ఎంత పుణ్యం చేశానో అన్నంత తృప్తి! మూడు వారాల్లో అడుగు మెత్తబడింది. ముట్టుకుంటే పక్కకి ఒరిగిపోయింది.

ఎందుకో తర్వాత తెలిసింది. కాక్టస్ వేరు తాగేది కొంచెం. కుండీ పెద్దదైతే మట్టి ఎక్కువ, మట్టి ఎక్కువైతే అందులో నిలిచే తడి ఎక్కువ. ఆ తడిలో వేరుకి గాలి ఆడక కుళ్లుతుంది. నేను పెద్ద ఇల్లు ఇచ్చాననుకున్నా, దానికి అది చెరువైంది. అసలు ఇరుకు అని అనిపించింది నాకు. మొక్క ఆ మాట అనలేదు.

అదే ఏడాది నాన్న పోయారు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజుకే అమ్మని నరసాపురం నుంచి మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చేశా. "ఒక్కదానివీ ఆ ఇంట్లో ఏం చేస్తావమ్మా" అన్నా. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నా. ఏసీ గది, పెద్ద టీవీ, వంటమనిషి, అన్నీ అమర్చా. అమ్మ పొద్దున్నే లేచి సోఫా అంచున కూర్చునేది, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు. చెయ్యడానికి పనేదీ లేకుండా చేసింది నేనే. రెండు నెలలకి అన్నం సగమైంది. అప్పుడు అక్క ఫోన్‌లో ఒక్కటే అడిగింది: "అమ్మని తీసుకెళ్లేముందు అడిగావా?"

అడగలేదు. మరుసటి వారం నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో అమ్మని దింపి వచ్చా.

మనవాళ్ల మేలు కోసమే అయినా, వాళ్లు పాతుకున్న చోటు నుంచి వాళ్లని కదిపే హక్కు మనకి ఎప్పుడొస్తుంది? అప్పటి నుంచి ఇదే నా బుర్రలో తిరుగుతోంది. మహాభారతంలో ఆశ్రమవాస పర్వం అని ఒకటుంది, యుద్ధం హడావిడిలో పడి మనం అంతదాకా వెళ్లం. యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు నీడలోనే ఉంటాడు. ధర్మరాజు ఏ లోటూ రానివ్వడు. (భీముడి మాటలు సూదుల్లా గుచ్చుకుంటూనే ఉంటాయి, అది వేరే సంగతి.) చివరికి ముసలాయన అడవికి వెళ్తానంటాడు. ధర్మరాజు వద్దంటాడు, బతిమాలతాడు. వ్యాసుడు వచ్చి చెప్పాకే సరేనంటాడు. ఇంతలో కుంతి కూడా గాంధారి చెయ్యి పట్టుకుని బయల్దేరుతుంది. కొడుకులు గెలిచిన రాజ్యం ఉంది, అంతఃపురం ఉంది, అయిదుగురూ ఏడుస్తున్నారు. ఆవిడ ఆగదు.

నాకు మొదట్లో కుంతి మీద కోపం వచ్చేది. ఇప్పుడు ధర్మరాజు బాధే ఎక్కువ అర్థమవుతోంది. ఆయన ప్రేమలో కల్తీ లేదు. కానీ ఇంతగా చూసుకుంటున్నా కదా, ఇంకేం కావాలి అనే చోటే మన ప్రేమ చెవిటిదవుతుంది. ఎదుటివాళ్లకి ఏం కావాలో మనమే చెప్పేస్తుంటాం.

అలాగని ఎవర్నీ కదపకుండా ఉండటమే ధర్మం అనుకుంటే అదీ మోసమే. "వాళ్లిష్టం, మనకెందుకు" అనే మాట గౌరవంలా వినిపిస్తుంది గానీ చాలాసార్లు అది మన బద్ధకం. ఏది కర్మ, ఏది అకర్మ అనే దగ్గర తెలిసినవాళ్లు కూడా తికమకపడతారని గీతలో కృష్ణుడే ఒప్పుకున్నాడు, మనమెంత. కాక్టస్‌ని ఒకే కుండీలో ఏళ్ల తరబడి వదిలేస్తే వేళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని గడ్డలా అవుతాయి. నీళ్లు పోస్తే లోపల నిలవకుండా అంచుల వెంట జారి కింద నుంచి పోతాయి. మొక్క తాగినట్టే కనిపిస్తుంది, తాగదు.

కాబట్టి గుర్తులు చూడాలి. అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి రావడం, ప్లాస్టిక్ కుండీ పక్కలు ఉబ్బడం, తల బరువెక్కి కుండీతో సహా ఒరగడం, ఎండాకాలంలో కూడా ఎదుగుదల కనిపించకపోవడం. అడుగున గోధుమరంగు బెరడు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. గట్టిగా ఉంటే అది వయసు, మెత్తగా ఉంటే జబ్బు. చిన్న మొక్కలకి రెండు మూడేళ్లకోసారి ఈ అవసరం వస్తుంది, పెద్దవాటికి ఇంకా ఆలస్యంగా.

రెండో కాక్టస్‌కి మూడో ఏట వేరు బయటికొచ్చింది. ఈసారి ఆగా. వానల్లో కాదు, మొగ్గ మీద ఉన్నప్పుడూ కాదు. ఫిబ్రవరి చివర్లో, ఎండ ఇంకా ముదరక ముందు చేశా. వారం ముందే నీళ్లు మానేశా, పొడిమట్టి అయితే వేళ్లు తెగకుండా వదులుతాయి. పాత పేపర్ నాలుగు మడతలు పెట్టి పట్టీలా చుట్టి పట్టుకున్నా. చేతి తొడుగులు కూడా వేసుకోండి. కుందేలు చెవుల్లా ఉండే రకానికి ముళ్లకంటే ఆ సన్నటి నూగే ప్రమాదం, గుచ్చుకుంటే టేప్ అంటించి లాగాలి. పాత మట్టి వేళ్లతో నెమ్మదిగా దులిపి, నల్లగా మెత్తబడ్డ వేళ్లు ఉంటే కత్తిరించి, ఆ గాయం ఎండేదాకా నాలుగైదు రోజులు నీడలో వదిలేయాలి. కొత్త కుండీ పాతదానికంటే ఒక అంగుళం వెడల్పు, అంతే, మట్టికుండీ అయితే మరీ మంచిది. మట్టిలో సగానికి సగం ముతక ఇసుక, ఇటుక ముక్కల్లాంటివి ఉండాలి. ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో నాటాలి.

ఆ తర్వాత వారం రోజులు చుక్క నీరు పోయకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. చోటు మార్చాం, బెంగపడుతుందేమో, గ్లాసుడు నీళ్లైనా పోద్దామని చెయ్యి లాగుతుంది. కానీ తెగిన వేళ్లు మానకముందే తడి తగిలితే కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఎండలో కూడా వెంటనే పెట్టకూడదు.

ఇప్పుడు అమ్మ సంగతి. పోయిన ఏడాది రెండుసార్లు స్టవ్ మీద పాలు మాడిపోయాయని పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. నేను ఏమీ అనలేదు. వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చా, అంతే. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మే అడిగింది, "ఒరే, మీ బాల్కనీలో తులసికి ఎండ తగులుతుందా?" అని. నాకు గొంతు పట్టేసింది. "తగులుతుందమ్మా. పొద్దున పది దాకా" అన్నా.

మొక్కని అడగలేం కాబట్టి గుర్తులు వెతుకుతాం. మనిషిని అడగొచ్చు. నేను మొదటిసారి రెండూ చెయ్యలేదు.

ఈసారి అమ్మ తన పీట, ఇత్తడి దీపపు కుందులు, నాన్న కుర్చీ, తులసికోటలోంచి గుప్పెడు మట్టి తెచ్చుకుంది. దేవుడి అలమారా తనే సర్దుకుంది, నా ఏర్పాటు మొత్తం మార్చేసింది. వంటింట్లో పొద్దుటి కాఫీ అమ్మదే, మేమెవరం అందులో వేలు పెట్టం. బంధువుల్ని పిలుద్దామా, గుడికి తీసుకెళ్దామా, యాత్రకి టికెట్లు తీద్దామా అని మొదటి వారమంతా నాకు ఒకటే ఆత్రం. మా ఆవిడ ఆపింది. "కాస్త ఊపిరి పీల్చుకోనీయండి" అంది.

ఇప్పటికి అయిదు వారాలు. కాక్టస్‌ని చూసి "ఇదేం మొక్కరా, ముట్టుకుంటే గుచ్చుతుంది" అని తిడుతూనే తులసికి రెండడుగుల దూరం జరిపింది. నరసాపురం ఇంటి తాళంచెవి ఇంకా అమ్మ బొడ్లోనే ఉంది. నేను అడగలేదు.