తగ్గడం, తక్కువవడం

మెల్లగా వాయించడం అంటే గట్టిగా వాయించేదాన్నే కాస్త తగ్గించడం అని చాలామంది అనుకుంటారు. గ్రాండ్ పియానోలో ఎడమ పెడల్ చేసే పని చూస్తే ఆ లెక్క సరిపోదు.

ఆ పియానోలో మధ్య, పై స్వరాలకి ఒక్కోదానికి మూడేసి తీగలుంటాయి. ఎడమ పెడల్ తొక్కితే మెట్లూ సుత్తులూ మొత్తంగా కొంచెం కుడివైపుకి జరుగుతాయి. సుత్తి మూడింటిలో రెండు తీగల్నే తాకుతుంది. అదీ రోజూ దెబ్బలు తిని గట్టిపడిన చోటుతో కాదు, పక్కనున్న మెత్తటి ఫెల్ట్‌తో. దెబ్బ తగలని మూడో తీగ పక్కవాటి కంపనానికి తనూ కదులుతుంది. అందుకే శబ్దం తగ్గడంతో పాటు నాదం రంగే మారిపోతుంది. బీథోవెన్ కాలపు పియానోల్లో ఒక్క తీగ దాకా జరపగలిగేవారు. ఒకే తీగ అని అర్థమొచ్చే 'ఊనా కోర్డా' అన్న పేరు అప్పటిదే.

గోడకి ఆనించి పెట్టే అప్‌రైట్ పియానోలో కథ వేరు. అక్కడ పెడల్ తొక్కితే సుత్తులు తీగలకి దగ్గరగా వస్తాయి. పరుగుకి చోటు తగ్గి, దెబ్బలో బలం తగ్గుతుంది, అంతే. ఇక మా బెజవాడ చర్చిల్లో, మ్యూజిక్ క్లాసుల్లో ఎక్కువగా కనిపించేది ఎలక్ట్రానిక్ కీబోర్డే. మిడి ప్రమాణంలో ఈ పెడల్‌కిచ్చిన నంబరు 67. ఆ సందేశం అందాక ఏం చెయ్యాలన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. వాల్యూమ్‌ని ఒకటికన్నా చిన్న సంఖ్యతో గుణించి చేతులు దులుపుకోవచ్చు. కోడ్ రాసేవాడిగా ఆ ఒక్క లైనులో ఎంత సుఖముందో నాకు తెలుసు. కానీ గుణకారంతో నాదం మారదు.

ఈ తేడా సంగీతంతో ఆగిపోయేది కాదనిపిస్తుంది. "తగ్గి మాట్లాడు" అన్నది మన మర్యాద పాఠం. ఎవరికి చెబుతాం దాన్ని? ఆడపిల్లకి, కులంలో కిందివాడనుకున్నవాడికి, కౌలు రైతుకి, కొత్తగా చేరిన ఉద్యోగికి. ఇది అప్‌రైట్ పెడల్ లాంటిది. కదలడానికి వాళ్లకున్న చోటుని ముందు కుదించేస్తాం, తర్వాత ఎంత వినయమో అని మెచ్చుకుంటాం. ఇంకోపక్క, తగ్గనని తొడకొట్టే సినిమా హీరోకి ఈలలేస్తాం. రెండుచోట్లా మన లెక్క ఒకటే: తగ్గడమంటే తక్కువవడం.

తక్కువవకుండా తగ్గడం కుదురుతుందా? బీథోవెన్ నాలుగో పియానో కన్చెర్టో రెండో భాగం వినండి. తీగవాద్యాలన్నీ కలిసి గద్దిస్తూ మొదలవుతాయి. పియానో ఊనా కోర్డాతో జవాబిస్తుంది, గొంతు పెంచదు. పోనుపోను మెత్తబడేది వాద్యబృందమే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది చివర్లో వస్తుంది. పియానో ఒంటరిగా సాగే పొడవాటి ట్రిల్ దగ్గర మూడు తీగలూ పలికించమని రాశాడు బీథోవెన్, ఆ తర్వాత మళ్లీ తగ్గమన్నాడు. అంటే ఆ గొంతుకి పెద్దగా పలకడం వచ్చు. అంతసేపూ పలక్కపోవడం దాని నిర్ణయం.

మన దగ్గర మైకు చేసిన పనీ దీనికి దగ్గరిదే. మైకులు లేని రోజుల్లో పద్యనాటకం చివరి వరస దాకా వినబడాలంటే గొంతెత్తాల్సిందే. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక, మంద్రంలో మెల్లగా పాడినా డెల్టా ఊళ్లలో వినబడే వీలొచ్చింది. భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ గొంతు వింటే, పెద్ద కచేరీని తగ్గించి పాడినట్టుండదు. పక్కన కూచుని మనకొక్కరికే పాడినట్టుంటుంది.

యంత్రం ఇచ్చిన మెత్తదనం నీదెలా అవుతుందని అడగొచ్చు. వేళ్లతో మెల్లగా వాయించలేనివాడు పెడల్ వెనక దాక్కోకూడదంటే నాకు పేచీ లేదు. అయితే ఎంత సాధన చేసినా వేళ్లు సుత్తి తాకే చోటుని మార్చలేవు. ఆ పని పెడల్‌దే. చేతకానితనాన్ని కప్పుకోడానికి వాడటం వేరు, వేళ్లకి అందని రంగు కోసం వాడటం వేరు.

కాబట్టి ఇంట్లోనో ఆఫీసులోనో మెల్లగా మాట్లాడేవాళ్ల వినయాన్ని మెచ్చుకునే ముందు ఒకటి చూసుకోవాలి. కావాలనుకున్నప్పుడు వాళ్లు పెడల్ మీంచి కాలు తియ్యగలరా? అసలు ఆ కాలు వాళ్లదేనా? ఇంకొకరిదైతే, మెచ్చుకోలు తర్వాత. ముందు ఆ కాలు తీయించాలి.