ఫోటో లేని పిల్లవాడు

కొచ్చిలో సముద్రానికి ఎదురుగా ఆస్పిన్‌వాల్ హౌస్ ఉంది. 1867లో ఒక ఇంగ్లీషు వర్తకుడు పెట్టిన కంపెనీది. మిరియాలు, అల్లం, కొబ్బరినూనె వ్యాపారం చేసిన చోటు. 2016 కొచ్చి బినాలేలో చిలీ కవి రౌల్ సురీతా అందులో ఒక హాలు నిండా సముద్రపు నీళ్లు పట్టించాడు. ఎదుటి గోడమీది కవిత చదవాలంటే ఆ నీళ్లలో చివరిదాకా నడవాలి. చెప్పులు విప్పి లోపలికి పోవడం మాకు కొత్తేం కాదనుకోండి.

దాన్ని గాలిబ్ కుర్దీకి అంకితమిచ్చాడు. ఎవరీ గాలిబ్? 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డున బోర్లా పడివున్న పసివాడు అలన్ ఫోటో లోకమంతా చూసింది. ఆ రోజే మునిగిపోయిన వాడి అన్న ఈ గాలిబ్. వీడికి అలాంటి ఫోటో లేదు. ఏడ్చినవాళ్లూ లేరు.

మేమూ తమ్ముడికే ఏడ్చాం. పేరు మా పేర్లలాంటిదే కాబట్టి ఆ దుఃఖం మా సొంతమనుకున్నాం. అన్నని గుర్తు పెట్టుకున్నది మాత్రం ఎక్కడి చిలీవాడో! 1973లో సైన్యం గద్దెనెక్కిన రోజునే అతన్ని పట్టుకెళ్లి ఓడలో బంధించారు. ఆ ప్రభుత్వం చంపినవాళ్లలో ఎందరినో సముద్రంలో పారేసింది. నీళ్లంటే అతనికేమిటో వేరే చెప్పాలా?

చూసినవాళ్లు బయటికొచ్చి, కాళ్లు తుడుచుకుని టీ తాగుతారు కదా అనొచ్చు. ఆ అనుమానం మాకూ ఉంది. కానీ పేపర్లో ఫోటో చూసినప్పుడు మాకు కాళ్లు కూడా తడవలేదు. మా బస్తీల్లో పోయినవాళ్లలో, పేపర్లో ఫోటో పడనివాళ్ల పేర్లు మాకెన్ని గుర్తున్నాయి?