పేరు చెప్పిన మనిషి

పోయిన సంక్రాంతికి రాయగడ బజారులో కాలాజీరా అంటే నమ్మి రెండు కిలోలు కొన్నాను. గింజ చిన్నదిగానే ఉంది. ఎసట్లో పడ్డాక ఇల్లంతా ఘుమఘుమలాడాలి కదా! వాసన వంటింటి గడప కూడా దాటలేదు. "మీరు పేరు కొన్నారు, బియ్యం కొనలేదు" అంది మా ఆవిడ.

తర్వాత కుందులి సంతకు వెళ్లినప్పుడు గుప్పెడు గింజలు జేబులో వేసుకెళ్లాను. ధాన్యం అమ్ముకునే ఒక ముసలమ్మ నాలుగు గింజలు అరచేతిలో నలిపి, వాసన చూసి, పంటికింద కొరికి, "ఇది కాదు బాబూ" అని పారబోసింది. ఇంకేదో పేరు కూడా చెప్పింది. ఆమెది దేశియా, నాది తెలుగు కలిసిన ఒడియా. సరిగా అందలేదు, రాసుకోలేదు.

భువనేశ్వర్‌లో జీవశాస్త్రం చదివే మా మేనల్లుడు విని నవ్వాడు. "ముసలమ్మ ఎందుకు మామయ్యా, డీఎన్ఏ బార్‌కోడ్ ఉండగా?" 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం, జంతువులకైతే ఒక్క జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదివితే జాతి తెలుస్తుందని ప్రతిపాదించింది. మొక్కలకు అది కుదరక, 2009లో హరితరేణువుల్లోని ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు ముక్కలను ఖాయం చేశారు. తెలియని ముక్కను తెలిసిన ముక్కల పట్టికతో పోల్చి చూడటమే అందులోని విద్య.

ఆ "తెలిసిన" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎవరికి తెలిసిన? మొదట ఎవరో ఒకరు మొక్కను చూసి ఇది ఫలానా అనాలి. దాన్ని ఎండబెట్టి, అట్టకు అంటించి, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాసి భద్రపరచాలి. అక్కడ పేరు తప్పు పడితే, తర్వాత పోల్చుకున్న వాళ్లందరికీ అదే తప్పు మహా ధీమాగా అందుతుంది. ఇది నాకు అనుభవమే. బడిలో చేర్చిన రోజున మాతృభాష గడిలో గుమాస్తా ఒడియా అని రాశాడు. ఆ తర్వాత ప్రతి కాగితాన్నీ ముందు కాగితం చూసే రాశారు. ఎవరూ అబద్ధమాడలేదు. మా ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకుంటామో వచ్చి విన్నవాళ్లూ లేరు.

పైగా మన కొండవార వరులన్నీ దాదాపు ఒకే జాతి. ఆ రెండు ముక్కలూ "వరి" అని చెప్పి ఊరుకుంటాయి. రకం తేల్చడానికి అంతకన్నా సూక్ష్మమైన గుర్తులు వేరే ఉన్నాయి. వాటికీ మొదట ఇది కాలాజీరా అని చెప్పే నోరు ఒకటి కావాలి. 1955-59 మధ్య కటక్ వరి పరిశోధన సంస్థవారు జయపురం ప్రాంతంలో 1,745 రకాలు సేకరించారు. ఆ అంకె విన్నప్పుడల్లా సేకరించినవారికన్నా ముందు, గట్టుమీద నిలబడి ఇది ఏ నేలకు, ఎన్ని నెలలకు అని చెప్పినవాళ్లే నాకు కళ్లముందు కదులుతారు.

వాళ్లకు మనం బాకీ పడ్డామా? జ్ఞానం ఏటినీరు లాంటిది, సొంతదారుడు లేడనవచ్చు. సగం ఒప్పుకుంటాను. చేతులు మారకపోతే విత్తనమే మిగిలేది కాదు. 2001 నాటి చట్టం రైతుల రకాలను రైతుల పేరిట నమోదు చేసుకోనిచ్చింది. 2024 జనవరిలో కొరాపుట్ కాలాజీరాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి, నాటు వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకొని, 2024లో కన్నుమూశారు. నేనడిగేది ఇంతకన్నా చిన్నది. కోర్టులో సాక్షి పేరు రాస్తారు కదా, సేకరించినవారికి గడి ఉన్నచోట చెప్పినవారికీ ఒక గడి ఉండాలి.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "మందుమొక్క పక్కన ఊరూ పేరూ రాస్తే వ్యాపారి నేరుగా అక్కడికే పోతాడు మామయ్యా. మొక్కా మిగలదు, ఆమెకు మనశ్శాంతీ మిగలదు." దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. రాయాలా వద్దా అన్నది ఆమెనే అడగాలి. అడగాలంటే ముందు ఆమె మాట నాకు రావాలి.

మొన్న మళ్లీ కుందులి వెళ్లాను. ఆమె కనబడలేదు. మిగిలిన బియ్యం డబ్బాలో పోసి ఉంచాం. మూతమీద ఏం రాయమంటారని మా ఆవిడ అడుగుతోంది.