వాకిటి దీపం ఎవరి కోసం?

డిసెంబరు రాగానే పిట్టగోడకూ గేటుకూ సీరియల్ లైట్లు చుట్టడం, వాకిట ఎత్తుగా కాగితపు నక్షత్రాన్ని వేలాడదీయడం నేడు క్రైస్తవ గృహాలకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ పనిలో ఒక వేదాంత ప్రశ్న దాగి ఉన్నదన్న స్పృహ కూడా అరుదుగానే కలుగుతుంది. లోపలి దీపం ఇంటివారికి పనికివస్తుంది. గోడ వెలుపలి దీపం దారిన పోయేవారి కోసమే వెలుగుతుంది. కనుక అది భక్తికి చెందినదా, లోకుల మెప్పుకు చెందినదా అన్న సందేహం సహజం. దీని మూలం కొండమీది ప్రసంగంలోనే, అంటే మత్తయి సువార్తలో యేసు చేసిన సుదీర్ఘ బోధలోనే ఉంది. ఐదో అధ్యాయంలో ఆయన శిష్యులను లోకానికి వెలుగని పిలిచి, దీపాన్ని కుంచం కింద దాచకూడదంటాడు. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి దానధర్మాలు నలుగురూ చూడాలని చేయవద్దని, ప్రార్థన తలుపు మూసుకుని చేయమని హెచ్చరిస్తాడు.

వాకిటి దీపాలపై కటువైన క్రైస్తవ విమర్శ క్రిస్మస్ పండుగ రూపుదిద్దుకోకముందే, క్రీ.శ. 200 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజికి చెందిన క్రైస్తవ రచయిత టెర్టూలియన్ విగ్రహారాధనపై రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. ఆనాటి రోమన్లు చక్రవర్తి గౌరవార్థం, గడపనూ తలుపునూ కాచే దేవతల పేరిట, గుమ్మాలకు దీపాలూ లారెల్ ఆకుల తోరణాలూ కట్టేవారు. ఇరుగుపొరుగును చూసి క్రైస్తవులూ కట్టసాగారు. అన్యుల గుమ్మాల కన్నా క్రైస్తవుల గుమ్మాలకే ఈ సింగారం ఎక్కువైందని ఆయన ఎత్తిపొడిచాడు. యజమాని ఇంట లేనప్పుడు సేవకులు తోరణం కట్టిన పాపానికి, తిరిగివచ్చి వారిని మందలించిన ఆ విశ్వాసికి సైతం ఆ రాత్రే దర్శనంలో శిక్ష పడిందని కూడా రాశాడు. ఈ కాఠిన్యం అతిగా తోచినా, దాని వెనుకనున్న తర్కం బలమైనది: విశ్వాసి తానే వెలుగైనప్పుడు గుమ్మానికి వేరే దీపమెందుకు?

ఇందుకు సమాధానమనదగినది రెండు శతాబ్దాల తరువాత, వేరొక వివాదంలో వచ్చింది. హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి, సమాధుల వద్ద పట్టపగలు మైనపువత్తులు వెలిగించడం అన్యాచారమని గాల్ దేశపు గురువు విజిలాంటియస్ ఆక్షేపించగా, బేత్లెహేములో నివసిస్తున్న బైబిల్ పండితుడు జెరోమ్ క్రీ.శ. 406లో అతనిపై నిప్పులు చెరిగాడు. తూర్పు సంఘాలలో సువార్త చదివేటప్పుడు ఎండ కాస్తున్నా దీపాలు వెలిగిస్తారని, అది చీకటిని పోగొట్టడానికి కాదని, సంతోషాన్ని తెలపడానికేనని ఆయన వివరించాడు. సమాధుల వద్ద పట్టపగలు వెలిగిస్తామన్న నిందను ఆయన కాదన్నాడు. అయినా చీకటిని పోగొట్టని దీపానికీ అర్థముందన్నదే ఆయన మాటల సారం. శీతకాలపు చీకటిని తరమడానికే క్రిస్మస్ దీపాలు పుట్టాయన్న వాడుక మాట ఎంత అసంపూర్ణమో దీనివల్ల తెలుస్తుంది. మెల్‌బోర్న్‌లో డిసెంబరు నడివేసవి, రాత్రి ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు గుంకదు, అయినా అక్కడి ఇళ్లకు దీపాలు కడుతూనే ఉన్నారు.

1882లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లోని తన ఇంట క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు అమర్చిన తరువాత వెలుగు క్రమంగా చవకైంది. చవకైన వెలుగు పోటీకి దారితీసింది. ఏ ఇంటి లైట్లు ఘనమో తేల్చి బహుమతులిచ్చే ఊళ్లు అమెరికాలో నేటికీ ఉన్నాయి. ఇక్కడ టెర్టూలియన్ మాటకు మళ్లీ పదును వస్తుంది. మత్తయి సువార్తలో వెలుగు అంటే సత్క్రియలు. బల్బుల దండ సత్క్రియ కాదు, కనుక దాన్ని సాక్ష్యమని, అంటే విశ్వాసానికి బహిరంగ ప్రకటన అని పిలవడం కొంత అతిశయమే. సంతోషమని పిలిస్తే సరిపోతుంది. అయితే పక్కింటివారి పడకగదిలోకి తెల్లవార్లూ వెలుగు గుమ్మరించి వారి నిద్ర చెడగొట్టే సంతోషానికి జెరోమ్ వాదం కూడా అక్కరకు రాదు.

వాకిటి దీపం ఎవరి కోసమన్న ప్రశ్నను అత్యంత నిశితంగా ఆలోచించినది యూదు ధర్మశాస్త్రమే అనిపిస్తుంది. యెరూషలేము ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించిన స్మృతిగా జరిపే హనుక్కా పండుగలో దీపాన్ని ఇంటి తలుపుకు వెలుపల పెట్టాలని తల్ముద్, అంటే రబ్బీల చర్చల సంకలనం, నిర్దేశిస్తుంది. ఆ ప్రతిష్ఠ సందర్భంలో జరిగిందని నమ్మే అద్భుతాన్ని లోకానికి చాటడమే దాని ఉద్దేశం. మేడమీద నివసించేవారు వీధి వైపు కిటికీలో పెట్టవచ్చు. ఆపద కాలంలో మాత్రం లోపల బల్లమీద పెడితే చాలు. ఈ చివరి మినహాయింపు దీపపు అర్థం దాన్ని చూసేవారి మీద కూడా ఆధారపడి ఉంటుందని అంగీకరిస్తుంది.

తెలుగు నేలపై ఈ అంగీకారానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. వీధంతా క్రైస్తవులే ఉన్న అమెరికా శివారులో ఒక ఇంటి లైట్లు అలంకరణగా మిగిలిపోతాయి. ఆంధ్రలో ఊరి చివరి పేటలో వెదురు గడకు కట్టిన స్టారు ఆ ఇంటివారు ఎవరో చెబుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, తరువాతి సవరణలతో కలిపి చూసినా, హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు తప్ప ఇతర మతస్థులకు షెడ్యూల్డ్ కులాల గుర్తింపు లేదు. అందుచేత చర్చికి వెళుతూనే కాగితాల మీద హిందువుగా ఉండిపోయిన దళిత కుటుంబానికి నక్షత్రం వాకిట కట్టాలా, లోపలి గదిలో కట్టాలా అన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు. లోపల కట్టుకున్న కుటుంబాన్ని పిరికిదని నిందించే బోధకుడు తల్ముద్‌లోని బల్లను, కొండమీది ప్రసంగంలోని మూసిన తలుపును రెండింటినీ మరచినవాడవుతాడు.