నిజము చెప్పుటయు దాసోహమే



ఊరు విడిచి పోవుట పాపము కాదు. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని కల్యాణమునకు శరణులు దూరదేశములనుండి వచ్చిరి. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులును అట్లు వచ్చినవారే. నేల నొలికిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు మితిమించి తేగా, లక్కమ్మ మూట విప్పి చూచి, ఇది మనకు తగదు, మరల అచ్చటనే పోసిరమ్మనెనని పెద్దలు చెప్పుదురు. ఆమె చూచినది ఆ క్షణమే చెప్పెను. నేను చెప్పలేకపోతిని. ఆ సంగతి విన్నవించుకొందును.

2023 వేసవిలో పుస్తకములకై ఆబిడ్సుకు పోయి మరలి వచ్చుచు, నాంపల్లి స్టేషనులో నా పూర్వవిద్యార్థి నొకనిని చూచితిని. తొమ్మిదవ తరగతిలోనే బడి మానినవాడు. ప్రక్కన ఇల్లాలు, ఆమె యొడిలో మూడేండ్ల బిడ్డ, ఆ బిడ్డను ఊరికి తీసికొనిపోవ వచ్చిన ముసలితల్లి. దంపతులిద్దరును పనికై దుబాయి పోవుచున్నారు. ఎకరము పొలము తాకట్టు పెట్టి ఏజెంటుకు రెండు లక్షలిచ్చిరట.

“సార్, ఈ కాగితం ఒక్కసారి చూడుండ్రి, అంతా మంచిగనే ఉన్నదా?” అని ఆ యిల్లాలు నా చేతికిచ్చెను.

అది పనివీసా కాదు, సందర్శక వీసా. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫుకు కూలికి పోవలెనన్నచో 1983 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వానుమతి కావలెను. అట్టి స్త్రీకి ముప్పది యేండ్లు నిండవలెను, ఆమెకు ఇరువదియారే. అందుకే ఏజెంటు దొంగదారి పట్టించి, ఎవరడిగినను చుట్టపుచూపుగా పోవుచున్నామనుడని నేర్పెను. లైసెన్సుగల ఏజెంటు సైతము 30,000 రూపాయలు, పన్ను మాత్రమే పుచ్చుకొనవలెను. ఇదంతయు నాకు తెలియును. కాని వారి ముఖములలోని ఆశను చెరుపజాలక, “శివుడున్నాడమ్మా” అని విభూతి పెట్టి పంపితిని.

అచ్చట అతనికి నెలలకొలది జీతము ముట్టలేదు. ఆమె పాస్‌పోర్టును యజమానురాలు దాచుకొనెను. వీసా గడువు తీరగా వారు ‘ఖల్లివల్లి’ అనబడు లెక్కకెక్కని జనములో కలిసిరి. జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవ భయము. మోసమని ఫిర్యాదు చేయ భయము. అనుమతితో పోయినవారికుండు పది లక్షల బీమాయు లేదు. 2024 చివర అచ్చటి ప్రభుత్వమిచ్చిన క్షమాభిక్ష వలన జరిమానా లేక తిరిగి వచ్చిరి. బిడ్డ తల్లి నెరుగక అవ్వ కొంగుచాటున దాగెను. పొలము నేటికిని తాకట్టులోనే యున్నది.

శరణులారా! ఆనాడు నేను పలికినది శివనామమా, నా పిరికితనమునకు కప్పిన ముసుగా? ఏజెంటుకై అప్పిచ్చిన చేయియు మన ఊరి భక్తునిదే. అదే చేయి బోరుబావికి సాయపడియున్న, వారు కదలకపోదురేమో!

దాసోహమన అన్నము పెట్టుట మాత్రమే కాదు. పయనమగువాడు మఠమునకు దీవెనకై వచ్చినపుడు ముందు కాగితము చూడుడు. అది పనివీసాయేనా? ఏజెంటు పేరు కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో నున్నదా? ఒప్పందపత్రము చేతికందెనా? లేనిచో ఆ ముఖము చిన్నబోయినను నిజము చెప్పుడు. విభూతి ఆ పిమ్మట పెట్టుడు.