రంగు కింద పగులు



ఈసారి ఒక పాత పికప్ బండి చక్రాల గురించి మాట్లాడుకుందాం. ధమ్మం చెప్పుకునే చోట చక్రాలకు రంగు గోలేంటి అనుకోవద్దు. పోయిన ఎండాకాలం మా పేటలో జరిగిన సంగతి ఇది. ఆ రోజు ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఆ ప్రశ్న మీ ముందు పెట్టాలనే ఈ రాత.

ఆ తమ్ముడిది పదిహేనేళ్ల బండి. సీజన్‌లో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలతాడు. కోతలప్పుడు కూలీలను చేలకు చేరుస్తాడు. ఫైనాన్స్ బాకీ మీద పడింది, బండి అమ్మేద్దామనుకున్నాడు. ఇంజను బాగానే ఉంది గానీ ఇనప చక్రాలు నాలుగూ తుప్పు పట్టి, రంగు పెచ్చులూడి ఉన్నాయి. "అన్నా, చక్రాలు తళతళలాడితే బండికి రేటు పలుకుద్ది. ఆదివారం వచ్చి ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. వెళ్లాను.

పని మొదలుపెడితే గానీ తెలియలేదు, రంగు వెయ్యడం ఇందులో చివరి చిన్న పని అని. బండిని చదును నేల మీద పెట్టి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తాలి. బ్రేకుల దగ్గర పేరుకున్న నల్లటి దుమ్మును ఊదకూడదు, గాలి కొట్టకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకం. తడిగుడ్డతో తుడవాలి. మురికి పనులన్నీ మనవాళ్ల చేత చేయించుకున్నారే గాని, ఇలాంటి జాగ్రత్తలు మనకు ఎవరు చెప్పారు? అందుకే రాస్తున్నాను.

తర్వాత సబ్బు నీళ్లు. గ్రీజు, తారు పోవడానికి కిరోసిన్. ఆ కిరోసిన్ జిడ్డు పోవడానికి మళ్లీ సబ్బు. ఎండలో ఆరాక వైరు బ్రష్, ఆపైన ఎమరీ పేపరు, మొదట గరుకుది, తర్వాత నున్నది. ఇనుము తెల్లగా బయటపడేదాకా రుద్దాలి. అప్పుడు రెడ్ ఆక్సైడ్ పలచగా రెండుసార్లు, దాని మీద సిల్వర్. నట్లు కూర్చునే చోట, చక్రం హబ్బుకు ఆనే చోట మందంగా రంగు వెయ్యకూడదు. బండి తిరిగే కొద్దీ ఆ రంగు నలిగిపోయి నట్లు వదులవుతాయి. చక్రం బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రావాలి. ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి.

తుప్పు మీదే రంగు కొడితే? కొట్టొచ్చు, కంటికి బాగానే ఉంటుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, అది లోపల పెరిగే కొద్దీ రంగు పొక్కులు లేస్తుంది. ఒక వానాకాలం చాలు.

మూడో చక్రం రుద్దుతుంటే నట్టు రంధ్రం పక్కన వెంట్రుకలాంటి గీత కనపడింది. గీరుడేమో అనుకున్నాం. అక్కడ కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రుద్దాం. కాసేపటికి పొడి మీద తడి గీత తేలింది. లోపలికి ఇంకిన కిరోసిన్ బయటికి ఊరిందన్నమాట. పగులే. పగిలిన చక్రం ఇక రోడ్డుకు పనికిరాదు, వెల్డింగ్ చేసినా నమ్మడానికి లేదు.

తమ్ముడు ఇటూ అటూ చూశాడు. "అన్నా, సిల్వర్ కొట్టేస్తే ఎవుడికి కనపడుద్ది?"

"కొనేవాడికి చెప్పొద్దా?" అన్నాను.

"వాడు అడగడు, నేను చెప్పను. ఇందులో అబద్ధం ఎక్కడుంది? అయినా కొనేది ఎవరో తెలుసా? ఫలానా వాళ్ల మనవడు. మా తాతను చెప్పులేసుకుని ఆ వీధిలో నడవనివ్వని ఇల్లు అది. వాళ్లకా నేను శీలం పాటించాల్సింది?"

నేను కాసేపు మాట్లాడలేదు. ఆ కోపం తప్పని చెప్పే హక్కు నాకు లేదు. మా తాత కథా అదే.

తర్వాత తోచిందేదో చెప్పాను. "రేపు ఆ బండి తోలేది ఆయన కాదు, మన పేట కుర్రాడే. వెనక నిలబడి మిరప కోతకు పోయేది మీ అమ్మా, మా అక్కా. వంతెన మీద చక్రం విరిగితే పోయేది ఎవరు?" తమ్ముడు తల దించుకున్నాడు. చక్రం తీసి పక్కన పెట్టాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. ఇంటికెళ్లాక నా సమాధానమే నన్ను గుచ్చింది. ఆ బండి మనవాళ్లెవరూ ఎక్కరనుకుందాం. అప్పుడు పగులు దాచొచ్చా? నేను చెప్పిన దాన్ని బట్టి చూస్తే దాచొచ్చు! అంటే నేను శీలం గురించి చెప్పలేదు, మనవాళ్ల క్షేమం గురించి మాత్రమే చెప్పాను.

కాబట్టి మళ్లీ మొదటినుంచి ఆలోచించాను.

మొదటిది, "అడగలేదు, చెప్పలేదు" అన్న మాట. తుప్పు తుప్పులా వదిలేసి ఊరుకుంటే అది వేరు, కొనేవాడు చూసుకుంటాడు. పగులు అని తెలిశాక దాని మీద రంగు వేస్తే, ఆ చెయ్యి "ఇక్కడేమీ లేదు" అని చెప్పినట్టే. కర్మకు మూలం చేతన, అంటే ఉద్దేశం అని బుద్ధుడు బోధించాడు. ఎదుటివాడు మోసపోవాలన్న ఉద్దేశం ఉంటే అబద్ధం నోటితో ఆడినా ఒకటే, బ్రష్షుతో ఆడినా ఒకటే.

రెండోది, పగ తీర్చుకోవడం. ఆ మనవడు దారిలో పడిపోతే, అది ఏ తప్పుకు శిక్షో అతనికి తెలియదు. లోకానికీ తెలియదు. అది న్యాయం ఎలా అవుద్ది? బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగింది పట్టపగలు, అందరి ముందు. మన హక్కుల పోరాటం ఎప్పుడూ చాటుమాటు పని కాదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అదే ఏడాది డిసెంబర్ 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. ఎందుకు? మనిషి ఏ వర్ణం వాడో చూసి నేరానికి తూకం వేసే శాస్త్రం అది. ఒకే పనికి ఒకరికి ఒక శిక్ష, ఇంకొకరికి ఇంకో శిక్ష. మరి మనం కూడా కొనేవాడి కులం చూసి నిజం చెప్పాలా వద్దా అని తేల్చుకుంటే, మనం కాల్చిన పుస్తకాన్నే మళ్లీ మన ఇంట్లో తెరిచినట్టు కాదా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడను అన్నది ఒకటి. ఫలానావాళ్లతో తప్ప అని అందులో లేదు.

మనవాళ్లు నష్టపోతూ మంచివాళ్లుగా ఉండాలా అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. శీలం అంటే అణిగి ఉండటం కాదు. ధర తక్కువ అడిగితే బేరమాడు. వీధిలో నడవనివ్వకపోతే కేసు పెట్టు, పదిమందితో కలిసి నిలబడు. అవన్నీ మన హక్కు. పగిలిన చక్రం అంటగట్టడం మాత్రం హక్కు కాదు.

తమ్ముడు విజయవాడ ఆటోనగర్ వెళ్లి పాత చక్రం ఒకటి కొనుక్కొచ్చాడు. పగిలినదాన్ని పాత ఇనప కొట్టు నుంచి ఇంకెవరూ తీసుకుపోయి వాడకుండా గ్యాస్‌తో రెండుగా కోయించాడు. కొనేవాడికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మెచ్చుకుంటాడేమో అనుకుంటే, "ఒకటి పగిలిందంటే మిగతావి ఎలా ఉన్నాయో" అని మూడు వేలు తగ్గించాడు. నిజం చెప్పినందుకు తమ్ముడికి లాభం రాలేదు, నష్టమే వచ్చింది. అది మీకు దాచను.

నాగార్జునకొండ మహాచైత్యాన్ని తవ్వి చూస్తే లోపల చక్రం ఆకారంలో ఇటుక గోడలు బయటపడ్డాయి. మధ్యన ఇరుసు, చుట్టూ ఆకులు, అంచున పట్టా. కట్టిన కాలంలో మొక్కడానికి వచ్చినవాళ్లకు అవి కనిపించేవి కావు. బరువు మోసింది మాత్రం అవే.

మనం పేరు మార్చుకున్నాం. గోడ మీద పటాలు మార్చుకున్నాం. పంచశీలం చెప్పుకుంటున్నాం. వచ్చే ఆదివారం వందన అయ్యాక అందరం కూర్చుని ఒక్క విషయం మాట్లాడుకుందాం. మన అలవాట్లలో మనం రుద్ది చూడకుండానే రంగు వేసేసిన చోట్లు ఎక్కడెక్కడున్నాయి? మొదట నావి చెప్తాను.

నమో బుద్ధాయ. జై భీమ్.